దోనెకు చిల్లు.. ఇంటికి ముప్పు

* తుప్పు మొదలయ్యేది వానలో కాదు, తడి ఆరని చోట
* సిమెంటు మాట్లతో మేలు కన్నా కీడే ఎక్కువ
* మృగశిరకు ముందే సరిచూసుకోవాలి

అమలాపురం: నాలుగు చినుకులు పడగానే వసారా మూలన బిందె పెట్టవలసి వస్తోందంటే తప్పు పెంకుదే అనుకోనక్కరలేదు. పెంకులు మార్చి, వాసాలు సర్ది, మేస్త్రీకి కూలి చెల్లించిన తరువాత కూడా అదే మూల కారుతూంటే దోషం ఆ పెంకుల కింద దాగి ఉన్న రేకు దోనెలో ఉన్నట్లు లెక్క. కోనసీమలోను, గోదావరి, కృష్ణా డెల్టాల్లోను, భీమిలి మొదలు మచిలీపట్నం వరకు తీరం వెంబడి మిగిలి ఉన్న పాత పెంకుటిళ్లలో ఈ దోనెలు ఒక్కొక్కటిగా చిల్లులు పడుతున్నాయి. చిల్లు చిన్నదే. దాని కింద ఉన్న మూలవాసం మాత్రం చిన్నది కాదు. అది పుచ్చితే రెండు వైపుల కప్పూ కుంగుతుంది. ఇల్లు పాతబడిపోయిందని కూల్చివేతకు సిద్ధపడినవారు ఆ మూల విప్పి చూస్తే, గోడలు, మిగిలిన కలప గట్టిగానే ఉండి ఒక్క దోనె కింది చెక్క మాత్రమే మట్టిలా రాలుతూ కనిపించడం అరుదేమీ కాదు.

దోనె అనగానే చూరు అంచున వేలాడే అర్ధచంద్రాకారపు రేకు కాలువే చాలామందికి గుర్తుకు వస్తుంది. దానికి చిల్లు పడితే నీరు బయట అరుగు మీదనో, గోడ మీదనో పడుతుంది. నష్టం ఉన్నా కంటికి కనిపిస్తుంది. అసలు ప్రమాదం లోమూల దోనెతోనే. మండువా లోగిలిలో నాలుగు వైపుల కప్పులు నడుమనున్న ఖాళీ జాగాలోకి వాలి ఉంటాయి. రెండు వాలులు కలిసే ప్రతి లోమూలలోనూ ఒక లోతైన గాడి ఏర్పడుతుంది. అక్కడ పెంకు మీద పెంకు కూర్చోదు. కనుక పైనుంచి కింది వరకు వెడల్పైన జింకు రేకును వంచి పరచి, దాని అంచుల మీదికి పెంకులను జరుపుతారు. రెండు కప్పుల నీటినీ ఆ ఒక్క రేకే మోయాలి.

ఆ బరువు ఎంతో లెక్క వేయడం కష్టం కాదు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. వెయ్యి చదరపు అడుగుల కప్పు అంటే సుమారు 93 చదరపు మీటర్లు. 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే ఆ కప్పు మీద నుంచి దాదాపు 4,600 లీటర్లు దిగాలి. అందులో సగం మండువాలోకి మళ్లినా నాలుగు మూలల రేకుల మీద పడే ఒత్తిడి ఏపాటిదో ఊహించుకోవచ్చు. పూర్వం ఈ మూలల కిందనే గంగాళాలు పెట్టి వాననీరు పట్టుకునేవారు.

జింకు పొరే కవచం

వాడుకలో జింకు రేకు అంటున్నది నిజానికి ఇనుప రేకే. కరిగించిన జింకులో ముంచి తీయగా దానికి పలుచని పొర పట్టుకుంటుంది. ఫ్రెంచి ఇంజినీరు స్టానిస్లా సొరెల్ 1837లో ఈ పద్ధతికి పేటెంటు పొందారు. గాలిలోని తేమ, ప్రాణవాయువు, బొగ్గుపులుసు వాయువులతో కలిసి జింకు తన మీద తానే బూడిదరంగు పూతను ఏర్పరచుకుంటుంది. కొత్త రేకు తళతళ మాసి మసకబారడం చెడిపోవడం కాదు, కవచం పూర్తి కావడం. ఎక్కడైనా గీత పడి ఇనుము బయటపడినా, చుట్టూ ఉన్న జింకు తాను ముందుగా కరిగిపోతూ ఇనుమును కొంతకాలం కాపాడుతుంది.

అయితే ఆ పొర ఎంత పలుచనిదో కొనుగోలుదారులకు తెలియదు. దుకాణంలో అడిగేదంతా గేజి గురించే. గేజి సంఖ్య పెరిగేకొద్దీ రేకు పలుచనవుతుందని (22 గేజి సుమారు 0.8 మిల్లీమీటర్లు, 26 గేజి సుమారు అర మిల్లీమీటరు) చాలామందికి తెలుసు. కానీ అది ఇనుము మందమే. జింకు ఎంత ఉందన్నది వేరే లెక్క. భారతీయ ప్రమాణం ఐఎస్ 277 ప్రకారం దానిని చదరపు మీటరుకు గ్రాములలో, రెండు వైపులా కలిపి చెబుతారు. 275 గ్రేడు అంటే ఒక్కో వైపు సుమారు 19 మైక్రాన్లు. 120 గ్రేడు అయితే ఎనిమిది మైక్రాన్ల పైచిలుకు మాత్రమే. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. రెండు రేకులూ పక్కపక్కన పెడితే కంటికి ఒకే తీరుగా మెరుస్తాయి.

సముద్రపు గాలిలో ఈ తేడా ఎంతటిదో అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9223లోని అంకెలు చెబుతాయి. గాలి ఎంత తినేస్తుందన్న దానిని బట్టి అందులో వాతావరణాన్ని తరగతులుగా విభజించారు. పొడిగా, శుభ్రంగా ఉండే పల్లెగాలిలో జింకు తొలి ఏడాది 0.7 మైక్రానుకు మించి తరగదు. ఓ మోస్తరు ఉప్పుగాలి తగిలే నాలుగో తరగతిలో 2.1 నుంచి 4.2 మైక్రాన్లు, తీవ్రమైన ఉప్పుగాలి ఉన్న ఐదో తరగతిలో 4.2 నుంచి 8.4 మైక్రాన్లు పోతుంది. తరువాతి ఏళ్లలో వేగం కాస్త మందగించవచ్చు. అయినప్పటికీ కడలి ఒడ్డున 120 గ్రేడు రేకు పొర ఒకటి రెండేళ్లలో, 275 గ్రేడు రేకు పొర సుమారు రెండు నుంచి అయిదేళ్లలో హరించుకుపోయే అవకాశం ఉందని ఈ లెక్క తేటతెల్లం చేస్తుంది. హైదరాబాదులో బంధువుల ఇంట ఇరవై ఏళ్లు నిలిచిన రేకు అంతర్వేదిలో ఎందుకు నిలవలేదన్న ప్రశ్నకు జవాబు ఇదే.

తాతల నాటి రేకులు దశాబ్దాల తరబడి ఉండేవన్న పెద్దల మాటలోనూ నిజం లేకపోలేదు. ఆనాడు రేకులను విడివిడిగా జింకులో ముంచి తీసేవారు కనుక మందమైన పొర పట్టేది. నేటి యంత్రాలు చుట్టలు చుట్టలుగా సాగే రేకు మీద కొలిచినట్లు పలుచని పూత పూస్తాయి. యంత్రాన్ని నిందించనక్కరలేదు. పూత ఎంత కావాలో అడిగి కొనకపోవడమే లోపం.

తడి నిలిచిన చోటే తుప్పు

పైన చెప్పిన అంకెలన్నీ తడిసి, గాలికి ఆరిపోయే రేకుకు సంబంధించినవి. దోనె కథ వేరు. అందులో కొబ్బరి పూత, చింతాకు, వేపాకు, పెంకు పొడి, పిట్టల రెట్టలు, గాలికి కొట్టుకువచ్చిన ఇసుక చేరి అట్టకడతాయి. వాన వెలిసి కప్పంతా ఆరినా ఆ అట్ట కింద తడి రోజుల తరబడి ఉంటుంది. ఆకులు కుళ్లి పుల్లని రసాలు దిగుతాయి. చింతాకు, వేపాకు వంటివాటి వగరు కూడా తోడవుతుంది. పైగా గాలి తగిలే చోటుకూ, బురద కింద గాలి ఆడని చోటుకూ మధ్య చిన్న విద్యుత్ ఘటం వంటిది ఏర్పడి, గాలి అందని చోటే లోహం వేగంగా కరుగుతుంది. అందుకే దోనె అంతా ఒక్కసారిగా పలుచబడదు. అట్ట పేరుకున్న చోట మాత్రమే గుండుసూది మొన అంత చిల్లులు వరుసగా పడతాయి. బయటకు కనిపించే రేకు బాగానే ఉన్నందున యజమాని నమ్మడు.

వాలు తగ్గిపోవడం రెండో కారణం. చూరు దోనెకు పది అడుగుల పొడవుకు కనీసం అర అంగుళం వాలు ఉండాలి. కొక్కేలు సడలినా, కింది చెక్క కుంగినా మధ్యలో గుంట పడి నీరు నిలుస్తుంది. ఆ నీరు రేకును తినడమే కాదు, దోమలనూ పెంచుతుంది. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ గుడ్డు నుంచి రెక్కల దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. తొట్లు, కొబ్బరి చిప్పలు బోర్లించే ఇంటివారు నెత్తి మీద ఉన్న దోనెను మాత్రం మరచిపోతుంటారు.

ఇక సిమెంటు. పెంకులు జారకుండా దోనె అంచుల వెంబడి సిమెంటు ముద్ద పెట్టడం మేస్త్రీలలో బాగా పాతుకుపోయిన అలవాటు. తడి సిమెంటులోని గాఢమైన క్షారం జింకును నేరుగా కరిగిస్తుంది. గట్టిపడిన తరువాత ఆ ముద్ద రేకుకూ తనకూ నడుమ సన్నని చీలిక వదిలి, అందులో నీటిని పట్టి ఉంచుతుంది. రేకు సిమెంటు అంచు వెంబడి కత్తితో కోసినట్లు తెగిపోవడం దీని గుర్తు. వంటింటి పొగగొట్టం నుంచి రాలే కట్టెల బూడిద కూడా తడిస్తే క్షారమే. దోనె దగ్గర పొగగొట్టం ఉన్న ఇళ్లలో ఆ పక్క రేకే ముందు పోవడానికి అది ఒక కారణం.

లోహాల పొత్తు మరొక సంగతి. జింకుకు రాగి తగిలితే, తడి తోడైన చోట జింకు త్వరత్వరగా కరిగిపోతుంది. కొక్కెం ఊడిందని విద్యుత్ తీగలోని రాగి తంతులతో దోనెను కట్టడం, పిడుగు నివారణకు దింపిన రాగి పట్టీని దోనె మీదుగా లాగడం, ఏసీ యంత్రపు రాగి గొట్టాల మీద నుంచి జారే నీటిని దోనెలోకి వదలడం ఈ కోవలోకి వస్తాయి. రాగి రేకును తాకకపోయినా, పైన ఉన్న రాగిని కడిగి కిందికి దిగే నీరు చాలు.

అన్నిటికన్నా విస్మయం కలిగించేది దోనె అడుగు భాగం. వాన తగిలే లోపలి వైపు ఉప్పు ఎప్పటికప్పుడు కడిగిపోతుంది. అడుగు వైపునకు, గోడ పక్కకు ఉప్పుగాలి తగులుతుంది కానీ వాన తగలదు. అక్కడ చేరిన ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చుకుని రాత్రంతా తడిగా ఉంటుంది. లోపల నున్నగా ఉన్న దోనె అడుగున పొలుసులు పొలుసులుగా రాలడానికి కారణం ఇదే. పైకెక్కి లోపలికి తొంగిచూసి బాగుందని దిగిపోయేవారు సగమే చూసినట్లు.

ముందు జబ్బు ఎంతో తెలియాలి

నీటిబొట్టు ఇంట్లో పడిన చోటుకు సరిగ్గా పైన చిల్లు ఉండదు. నీరు వాసం వెంబడి జారి ఎక్కడో కింద రాలుతుంది. పొడి రోజున దోనెను శుభ్రం చేసి, పై చివర నుంచి బకెట్టు నీరు నిదానంగా పోస్తూ, ఇంటిలోపల ఒకరు నిలబడి చూడాలి. నీరు పారిపోయిన తరువాత ఎక్కడ నిలిచిందో అక్కడ సుద్దముక్కతో గీత గీయాలి. చిల్లు లేకపోయినా ఆ గీతలే రేపటి చిల్లులు.

తరువాత స్క్రూడ్రైవరు మొనతో అనుమానం ఉన్న చోట నొక్కి చూడాలి. తెల్లని పొడి మాత్రమే ఉండి రేకు గట్టిగా నిలిస్తే జింకు పోరాడుతున్నదని అర్థం. ఎర్రబడి, గీకితే మెరుపు కనిపిస్తే జింకు అయిపోయింది, ఇనుము ఇంకా ఉంది. మొన దిగబడితే ఆ చోట రేకు లేదు, తుప్పే రేకు ఆకారంలో నిలబడి ఉంది. ఇనుము తుప్పుగా మారినప్పుడు కొన్ని రెట్లు ఉబ్బుతుంది కనుక మందంగా కనిపించిన చోటే బలహీనమైనదన్న మాట.

లోమూల దోనె అయితే ఇరువైపులా రెండేసి వరుసల పెంకులు తీసి కలపను కూడా నొక్కి చూడవలసిందే. టేకు అయినా, చేవ తేలిన తాటి వాసమైనా ఏళ్ల తరబడి తడిస్తే పుచ్చక మానదు, చెద పట్టక మానదు. దోనె మార్చి, పుచ్చిన వాసాన్ని అలాగే వదిలితే కొత్త రేకు మళ్లీ కుంగుతుంది.

మాటు వేసే తీరు

తెల్లపొడి, పైపై తుప్పు దశలో ఖర్చు స్వల్పం. నైలాను కుంచెతో రుద్ది, మంచినీటితో ఉప్పు పోయేలా కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. బావి నీరు ఉప్పగా ఉండే ఊళ్లలో ఆ నీటితో కడిగితే చేసిన పని వృథా. తుప్పు ఉన్న చోట తీగ కుంచెతో మెరుపు వచ్చేదాకా గీకి, జింకు పొడి అధికంగా ఉన్న ప్రైమరు పూసి, దాని పైన రంగు వేయాలి. ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. తలుపులకు, కిటికీ ఊచలకు వేసే మామూలు నూనె రంగును జింకు మీద నేరుగా వేస్తారు. ఆ రంగులోని నూనె జింకుతో కలిసి సబ్బులా మారి, ఏడాది తిరగకుండా పొరలుగా ఊడిపోతుంది. జింకు రేకుకు తగిన ప్రైమరు అని అడిగి తీసుకోవాలి.

సన్నని చిల్లులకు పాత మాటు పద్ధతి నేటికీ మేలైనదే. ఇత్తడి, రాగి పాత్రలకు కళాయి పూసి, మాట్లు వేసే పనివారు తగ్గిపోయినా రేకు పనివారి వద్ద ఈ నేర్పు మిగిలి ఉంది. తగరపు టంకం శుభ్రమైన లోహానికే అంటుతుంది, తుప్పుకు అంటదు. అంటడానికి వాడే ద్రావకం ఘాటైన ఆమ్ల లవణం. పని ముగిసిన వెంటనే తడిగుడ్డతో పలుమార్లు తుడిచి కడగకపోతే, మాటు నిలిచి దాని చుట్టూ కొత్త చిల్లులు పడతాయి. వాననీరు తాగడానికి పట్టుకునే ఇళ్లలో సీసం కలిసిన టంకం వాడరాదు. సీసం లేని తగరపు టంకం కావాలని పనివారికి ముందుగానే చెప్పాలి. నిప్పుతో పని కనుక ఎండిన చెక్క, కొబ్బరి పీచు దగ్గర నీటి బకెట్టు సిద్ధంగా ఉండాలి.

రూపాయి బిళ్ల కన్నా పెద్ద చిల్లుకు, పగులుకు అతుకు రేకు వేయవలసి ఉంటుంది. అతుకు అదే జాతి రేకు కావాలి. చిల్లు చుట్టూ గట్టి లోహం దొరికేదాకా పోయి, అక్కడి నుంచి మరో రెండు మూడు అంగుళాలు కప్పాలి. అల్యూమినియం రివెట్లు పర్వాలేదు, రాగి రివెట్లు, ఉత్త ఇనుప మేకులు పనికిరావు. రేకుల నడుమ పూసే సీలెంటు విషయంలో ముక్కును నమ్మవచ్చు. పూసినప్పుడు వెనిగరు లాంటి పుల్లని వాసన వచ్చే సిలికాన్‌లో నుంచి ఆమ్లం వెలువడుతుంది. అద్దాలకు, టైళ్లకు అది చాలా మంచిది, జింకుకు మాత్రం శత్రువు. న్యూట్రల్ రకం సిలికాన్ గాని, పాలియురిథేన్ రకం గాని ఎంచుకోవాలి.

సిమెంటు ముద్ద, ఎపాక్సీ ముద్ద, కరిగించిన తారు, ప్లాస్టిక్ సంచి, పాత ఫ్లెక్సీ ముక్క. కప్పు ఎక్కిన ప్రతివారూ ఏదో ఒకటి పెట్టి దిగుతుంటారు. ఈ వానాకాలం గడుస్తుంది, నిజమే. సిమెంటు సంగతి పైన చెప్పుకున్నదే. తారు ఎండకు జారి, చలికి బీటలు వారి, ఆ బీటలో నీటిని దాచుకుంటుంది. ఎపాక్సీ ఎండకు రేకుతో పాటు సాగలేక అంచున విడిపోతుంది. అసలు తుప్పును గీకకుండా పైన ఏది పూసినా కింద పని ఆగదు, కనిపించకుండా సాగుతుంది. తుపాను తలుపు తడుతున్న వేళ తాత్కాలికంగా వేసుకోవలసి వస్తే జిగురు వెనుక ఉన్న తారుపట్టీని శుభ్రం చేసిన రేకుపై అంటించడం కాస్త నయం. వాన వెలిశాక దానిని తీసి అసలు పని చేయించాలి.

మార్చక తప్పనప్పుడు

చిల్లులు ఒకే వరుసలో పాక్కుంటూ పోతున్నా, రెండేళ్లలో మూడో అతుకు పడుతున్నా కొత్త దోనెకు సిద్ధపడడమే లాభం. ఎంపికలో తొందర కూడదు. చూరు దోనెలకు పీవీసీ గొట్టపు కాలువలు కేరళలో విస్తారంగా వాడుతున్నారు. వాటికి తుప్పు బెడద లేదు, ఎండకు పెళుసెక్కే బెడద ఉంది. తీరప్రాంతంలో చూరుకు అవి చక్కని మార్గమే. లోమూలలో మాత్రం పెంకుల బరువు, కాలు మోపే మనిషి బరువు ఆనే చోట రేకు తప్పదు.

జింకు రేకే వేయదలిస్తే తీరానికి దగ్గరలో 275 గ్రేడుకు తగ్గవద్దు. వీలున్నవారు మందమైన రేకును దోనెగా వంచి, ఆ తరువాత జింకులో ముంచి తీయిస్తే నలభై అయిదు మైక్రాన్లు, ఆ పైన పొర పడుతుంది. కోసిన అంచులకు కూడా కవచం దక్కుతుంది. అల్యూమినియం, జింకు కలిపిన పూత రేకులు ఉప్పుగాలికి ఎక్కువ కాలం నిలుస్తాయి. వాటికీ సిమెంటు, రాగి, సీసం పడవు. తుప్పు పట్టని ఉక్కు అని అమ్మేవాటిలో 304 రకం సముద్రపు ఒడ్డున టీ మరకలవంటి మచ్చలు తేలుతుంది, 316 రకం మెరుగు, ధరా ఎక్కువే. ఒకే దోనెలో సగం పాత జింకు రేకు, సగం కొత్త ఉక్కు రేకు కలిపి అతికించడం మాత్రం తగదు. పాతది మరింత త్వరగా పోతుంది. రేకులు కొనేటప్పుడు కట్టల మధ్య తెల్లని బూజు వంటి పొడి ఉన్నదేమో చూడాలి. తడిసిన రేకులు ఒకదాని మీద ఒకటి పడి ఉంటే అమ్ముడు కాకముందే జింకు కరిగిపోతుంది.

వేసేటప్పుడు పై రేకు కింది రేకు మీదికి కనీసం ఆరు అంగుళాలు రావాలి. దోనె రెండు అంచులూ పైకి మడిచి ఉండాలి, అప్పుడే ఉరవడిగా వచ్చిన నీరు పెంకుల కిందికి పొంగదు. పెంకులు అంచు మీదికి నాలుగు అంగుళాలు వచ్చి, ఎదురెదురు పెంకుల మధ్య చేయి, చీపురు పట్టేంత సందు ఉండాలి. అందం కోసం ఆ సందు మూసివేసిన ఇళ్లలో దోనెను శుభ్రం చేయడానికి దారే ఉండదు. పెంకులను నిలపడానికి సిమెంటు బదులు రీపరుకు తీగతో కట్టడం మంచిది. అసలు మన ఊళ్లలో బెంగుళూరు పెంకు అని పిలిచేది మంగుళూరు పెంకు. దానికి అడుగున పట్టు కోసం కొమ్ము, కట్టుకోవడానికి రంధ్రం ఉండేలా చేసినదే.

వాటాల ఇంట్లో ఎవరి దోనె?

సాంకేతిక విషయాలకన్నా చిక్కైన సమస్య మరొకటి ఉంది. అన్నదమ్ములు పంచుకున్న ఇంట్లో గోడలు, గదులు, దొడ్డి లెక్క ప్రకారం పంపకమవుతాయి. లోమూల దోనె మాత్రం సరిగ్గా సరిహద్దు మీద ఉంటుంది. నీరు ఒకరి కప్పు నుంచి వస్తుంది, కారేది మరొకరి గదిలో. ఒక వాటాదారు అమెరికాలోనో బెంగుళూరులోనో ఉంటే, ఉన్నవారు ఒంటరిగా ఖర్చు భరించడానికి వెనుకాడతారు. ఆ సందిగ్ధంలోనే రెండు మూడు వానాకాలాలు గడిచిపోతాయి. ఆలోగా మూలవాసం పుచ్చుతుంది. ఒక పూట రేకు పనితో తీరవలసినది వడ్రంగి, తాపీ, పెంకు పనులన్నీ కలిసిన పెద్ద మరమ్మతు అవుతుంది. పంపకం కాగితంలో దోనెల నిర్వహణ ఉమ్మడి ఖర్చని ఒక్క వాక్యం రాసుకున్న కుటుంబాలకు ఈ చిక్కు లేదు. అలాంటి ఇళ్లలో ఎక్కువగా మిగిలి ఉంటున్నది వృద్ధులే. వారు కప్పు ఎక్కలేరు, ఎక్కకూడదు కూడా. సెలవులకు వచ్చిన పిల్లలు ఫోటోలు దిగడంతో పాటు మండువా మూలలు ఒకసారి పైకి చూసి వెళితే ఇల్లు నిలుస్తుంది.

ఎప్పుడు చూడాలి

కోస్తాకు రెండు వానాకాలాలు. నైరుతి వానలకు ముందు, అంటే రోహిణి కార్తె ఎండల్లో మృగశిర రాకముందే ఒకసారి, అక్టోబరు తుపానులకు ముందు సెప్టెంబరు చివరిలో మరొకసారి దోనెలు తోడి కడగాలి. 1996 నవంబరు తుపాను కోనసీమను, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకిన కాలం చూస్తే రెండో విడత ఎందుకు తప్పనిసరో బోధపడుతుంది. శిశిరంలో ఆకు రాలిన తరువాత చెట్ల కింద ఉన్న ఇళ్లవారు మరొకసారి చూసుకోవడం మంచిది. దోనె మీదికి వంగిన కొమ్మలు కొట్టించాలి. ఊడ్చేటప్పుడు ఇనుప పార, తాపీ అంచు వాడి గీకితే ఉన్న జింకు కాస్తా పోతుంది. కొబ్బరి ఈనెల చీపురు, ప్లాస్టిక్ చేట చాలు.

పైకెక్కే మనిషి భద్రతకు ప్రాధాన్యం ఇవ్వాలి. పెంకు మీద పాచి ఉంటే వాన లేకపోయినా జారుతుంది. ఆస్బెస్టాస్ సిమెంటు రేకుల కప్పు మీద నేరుగా అడుగు వేయరాదు, అది ఒక్కసారిగా విరుగుతుంది. అడ్డంగా పలక వేసుకుని దాని మీద నడవాలి. ఆ రేకును కోయడం, రంధ్రాలు చేయడం వల్ల ఎగిరే పొడి ఊపిరితిత్తులకు హానికరం. చూరు పక్క నుంచి విద్యుత్ తీగ పోతున్న ఇళ్లలో అల్యూమినియం నిచ్చెన వద్దు, వెదురు నిచ్చెనైనా పొడిగా ఉన్నదే వాడాలి. ఇంటికి వచ్చే సరఫరా ఆపించి పని మొదలుపెట్టాలి. తుప్పు రేకు అంచు బ్లేడులా కోస్తుంది కనుక మందమైన చేతితొడుగులు వేసుకోవాలి, గాయమైతే ధనుర్వాతం టీకా సంగతి వైద్యుని అడగాలి. ఏళ్ల తరబడి కదపని పెంకుల కింద తేళ్లు, జెర్రులు ఉంటాయి. పెంకు ఎత్తేముందు కర్రతో తట్టి, కాసేపు ఆగి తీయడం పాత పనివారి పద్ధతి.